యుగంధర్ గదిలో, గంగలూరు దారిలో

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని, అసిస్టెంట్ రాజుని తెలుగు పాఠకులకు పరిచయం చేయనక్కర్లేదు. అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడి, చివరి పేజీ ఎవరో చింపేసిన ఆ నవలల కోసం కొట్టుకున్నవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఆ తర్వాత మధుబాబు షాడో వచ్చాడు, వారపత్రికల్లో యండమూరి, మల్లాది వచ్చారు. ఈ కథలన్నీ తెలిసిన మనకు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ మాత్రం పక్కనే ఉండి కూడా తెలియదు. తార్లగూడ, భోపాలపట్నం దాకా తెలుగు వినబడుతూనే ఉంటుంది. అయినా అక్కడి కథలు మనదాకా వచ్చేసరికి ఎన్‌కౌంటర్ వార్తలో మృతుల సంఖ్యగా మిగులుతాయి.

2025 జనవరి 1 సాయంత్రం ముకేశ్ చంద్రాకర్ అనే విలేకరి ఇంటి నుంచి వెళ్ళి తిరిగి రాలేదు. ‘బస్తర్ జంక్షన్’ అనే యూట్యూబ్ చానల్ ఆయనదే. మర్నాడు అన్న యుకేశ్ పోలీసులకు ఫిర్యాదు చేశాడు. మూడో తారీఖున బీజాపూర్ చట్టాన్‌పారాలో, ఒక కాంట్రాక్టరు ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ట్యాంకు మీద కాంక్రీటు కొత్తగా పోసి ఉంది. యుగంధర్ ఉంటే సరిగ్గా అక్కడే ఆగేవాడు. పాత ఆవరణలో పచ్చి సిమెంటు అన్నది కొమ్మూరి వారి కలానికి తగిన ఆనవాలే. అలాగే, ప్రధాన నిందితుడని పోలీసులు చెప్పిన కాంట్రాక్టరు దొరికింది హైదరాబాదులో. తప్పిపోయిన మనిషి, చిన్న ఆధారం, పెద్ద ఊళ్ళో అరెస్టు: నవలకు కావలసిన సరంజామా అంతా ఉంది.

అయితే పోలిక అక్కడితో సరి. నవలలో హత్యకు కారణం చివరిదాకా గుప్తంగా ఉంటుంది. బీజాపూర్‌లో కారణమేమిటన్న మాట తొలిరోజు నుంచే జనం నోట్లో ఉంది. అంతకు ముందు నెలలోనే గంగలూరు రోడ్డు పనుల్లో అవినీతి మీద ముకేశ్ కథనం వచ్చింది. అభియోగం రుజువు కావలసింది కోర్టులోనే, ఆ సంగతి వేరు. యుగంధర్ కథలో ఉత్కంఠ ‘ఎవరు చేశారు’ అన్న దాని మీద నిలుస్తుంది. ఇక్కడ మాత్రం అందరికీ తెలిసిందని అనిపించే విషయాన్ని ఎవరు నోరు తెరిచి చెబుతారు, చెప్పాక వాళ్ళేమవుతారు అన్న దాని మీద నిలుస్తుంది. రెండో ప్రశ్న ఏ డిటెక్టివ్‌కీ ఎదురు కాదు. నిజం చెప్పినందుకు యుగంధర్‌ని ఎవరూ ఏమీ చేయరు.

అదే బీజాపూర్ జిల్లాలోని సార్కెగూడ సంగతి చూడండి. 2012 జూన్ 28 రాత్రి బాసగూడ దగ్గర గుమిగూడిన గ్రామస్థుల మీద భద్రతా దళాలు కాల్పులు జరిపాయి. 17 మంది చనిపోయారు. మావోయిస్టులతో పోరు అని ప్రభుత్వం, విత్తనాల పండుగ మాటల కోసం కూర్చున్నామని ఊరివాళ్ళు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2019లో బయటికి వచ్చింది. చనిపోయినవాళ్ళు మావోయిస్టులనడానికి ఆధారం లేదని, ఊరివైపు నుంచి కాల్పులు జరగలేదని, జవాన్లకు తగిలిన తూటాలు తమవాళ్ళవే అయి ఉండవచ్చని అది తేల్చింది. ఒక మనిషిని రాత్రి కాదు, మర్నాడు పొద్దున కాల్చారని కూడా. గాయం ఎక్కడ, దూరం ఎంత, చీకట్లో ఎవరు ఎటు నిలబడ్డారు అని ఒక్కొక్కటే తీస్తూ పోవడం అచ్చంగా యుగంధర్ పద్ధతి. కానీ నవలలో రహస్యం విప్పగానే ఇన్‌స్పెక్టర్ బేడీలతో సిద్ధంగా ఉంటాడు. ఇక్కడ చివరి అధ్యాయం చదవడానికి ఏడేళ్ళు పట్టింది, గదిలోకి ఏ ఇన్‌స్పెక్టరూ రాలేదు.

అలాగని నవలను తక్కువ చేయబుద్ధి కాదు. బీజాపూర్ గురించి చెప్పేవాళ్ళలో చాలామందికి లేని మర్యాద ఒకటి కొమ్మూరి దగ్గర ఉంది. వంటవాణ్ణయినా జమీందారునయినా ఒకే అనుమానంతో, ఒకే శ్రద్ధతో చూస్తాడు. ‘బస్తర్’ సినిమా (2024) మొదటి రీలులోనే తీర్పు చెప్పేసింది కాబట్టి అంత కాల్పుల మోతలోనూ నాకు ఆవలింత వచ్చింది. ఛత్తీస్‌గఢ్ అడవిలో 76 మంది ఓటర్ల పోలింగ్ బూత్ మీద తీసిన ‘న్యూటన్’ (2017) ఎవరినీ ముందే దోషిని చేయదు. ఓటేయడానికి ఒక్కరైనా వస్తారా అన్న ప్రశ్నతోనే కుర్చీ అంచున కూర్చోబెట్టింది.

ముగింపు తెలిస్తే ఉత్కంఠ చస్తుందంటారు. షాడో అభిమానులు ఒప్పుకోరు. షాడో చావడని అందరికీ తెలుసు, అయినా చదువుతారు. అదే విధంగా, 2021 ఏప్రిల్ 3న 22 మంది జవాన్లు చనిపోయిన తెకుల్‌గూడ దాడి తర్వాత మావోయిస్టుల చేతికి చిక్కిన జవాను రాకేశ్వర్ సింగ్ మన్హాస్, ఏప్రిల్ 8న ప్రాణాలతో వచ్చాడని తెలిసినా ఆయన్ని విడిచిపెట్టే వీడియో చూస్తూ ఊపిరి బిగబడతాం. చుట్టూ వందలాది గ్రామస్థులు, చేతులకు తాడు, ముఖానికి గుడ్డ కట్టుకున్న ఇద్దరు ముడి విప్పుతుంటారు. ఆయన్ని తీసుకురావడానికి పద్మశ్రీ ధరమ్‌పాల్ సైనీ, తెలం బోరయ్యలతో పాటు వెళ్ళిన స్థానిక విలేకరుల్లో ముకేశ్ ఒకడు. షాడోకు రచయిత అభయం ఉంది. ముకేశ్‌కు ఎవరి అభయమూ లేదు.

ఈ కథ రేపు తెలుగులో ఎవరో రాస్తారు. సెప్టిక్ ట్యాంకుతోనే మొదలెడతారని నా భయం. కొమ్మూరి శిష్యరికం చేసినవాడికి అలవాటుగా అదే తోస్తుంది మరి. నన్నడిగితే రోడ్డు టెండరుతో మొదలెట్టాలి. పత్రికల్లో వచ్చిన ప్రకారం 50 కోట్ల పని 120 కోట్లకు ఎలా పెరిగింది, కంకర ఎంత పడింది, ఎవరి సంతకం ఎక్కడుంది అన్నవి మొదటి యాభై పేజీల్లో చెప్పి, శవాన్ని ఆ తర్వాత తెస్తే చాలు.