సత్తుకు సత్తే

పారేసే ముందు మాటేయించండని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు పోరుపెట్టానో లెక్కలేదు. గొడుగు, చెప్పులు, కుక్కర్ పిడి, దేన్నీ వదల్లేదు. నా మాట విన్నవాడు నిజంగానే ఒకడున్నాడని పోయిన ఆదివారం నాగాయలంక వెళ్తే తెలిసింది. మా అక్కయ్య కొడుకు.

ఇసుక మేటల మీద ఈడ్చీ ఈడ్చీ వాడి ఫైబర్ బోటు అడుగున వెన్ను అరిగింది. బందరులో అల్యూమినియం రేకు కొని, తొడుగులా వంచి, ఇత్తడి మరలతో బిగించాడు. "మీరు రాసిందే మావయ్యా" అని మురిసిపోతూ చూపించాడు. మూడు నెలలైందట. ప్రతి మర చుట్టూ ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పొడి. గోటితో గీకితే రేకులో గుంట.

ఆ పొడి సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత అవనిగడ్డ వైపు నుంచి గుడివాడలో మా ఇంటికొచ్చిన చుట్టాల చేతిలో మిగిలింది ఒక్క సత్తు గిన్నె, అంటే అల్యూమినియందే, అదీ అడుగున చిల్లుతో. మాట్లేసేవాడు వీధిలోకి రాగానే అమ్మ ఇత్తడి బిందెతో పాటు దాన్నీ ఇచ్చింది. బిందెకు మాటేశాడు. గిన్నె మాత్రం పక్కన పెట్టాడు. "సత్తుకు మాటు పట్టదమ్మా" అన్నాడు. ఎంత గీకినా గాలి తగలగానే సత్తు మీద సన్నటి పొర కట్టేస్తుందనీ, కరిగిన మాటు దాన్ని అంటుకోక జారిపోతుందనీ నాకు ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు. మా పిన్ని రాగి మేకు తెచ్చి, పోనీ దీంతో బిగించమంది. "ఉప్పూ చింతపండూ తగిలే గిన్నె. రాగి పెడితే తినేస్తుంది" అని, పాత సత్తు మూతలోంచి ముక్క కోసి, సత్తు రివిట్టే కొట్టి ఇచ్చాడు. ఆ గిన్నెలో మేం చాలా ఏళ్లు అన్నం వండుకున్నాం.

రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీళ్లలో ఉంటే అదొక బ్యాటరీ. ఇత్తడి పక్కన బలయ్యేది సత్తే. మావాడి ప్రతి మర దగ్గరా అదే జరుగుతోంది. అల్యూమినియంతో పడవలే చేస్తున్నారు కదా అంటారు మీరు. చేస్తారు, మెగ్నీషియం కలిపిన 5083 లాంటి రకాలతో. ఇత్తడి పక్కన వాటికీ క్షేమం లేదు.

రేకు ఊడదీయించాను. ఊడదీస్తే కింద ఫైబరుకు మరల చిల్లులు! నీళ్లు తాగుతున్నాయి.

"అయితే ఫైబర్ మ్యాట్ నాలుగు పొరలు దట్టంగా వేసేస్తా" అన్నాడు. అదీ వద్దన్నాను. ఫైబర్ అలకు కొంచెం వంగుతుంది. ఒకచోట రాయిలా చేసి ఠక్కున ఆపేస్తే, ఆ అంచు పక్కనే పగులుతుంది. గీకి, బాగా ఆరనిచ్చి, ఒక్కో పొరా కిందిదానికంటే వెడల్పుగా పరిచి, అంచులు పలచబడేలా దించాలి. పని త్వరగా తెమలాలని రెసిన్‌లో క్యాటలిస్టు ఎక్కువ పోస్తే వేడెక్కి పెళుసెక్కుతుంది.

వెన్ను పొడుగునా, ఆ పొరల మీద ఒక తుమ్మ బద్ద బిగించమన్నాను. ఇసుకకు అరిగేది అదే. ఇసుక బోటు జోలికి రాదు. అరిగాక తీసేసి ఇంకోటి.

"అంటే పారేయమనా మావయ్యా?" అన్నాడు.