పాటెంజర్ పిల్లులు, పెద్దపల్లి పిల్లులు

పిల్లికి పచ్చి మాంసమే పెట్టాలనేవాళ్లు చివరికి చూపించే సాక్ష్యం ఫ్రాన్సిస్ పాటెంజర్ అనే వైద్యుడిదే. 1932 నుంచి పదేళ్లపాటు కాలిఫోర్నియాలో ఆయన వందల పిల్లులను పెంచాడు. కొన్నిటికి పచ్చి మాంసం, కొన్నిటికి వండిన మాంసం. పాలు, కాడ్ లివర్ నూనె అన్నిటికీ ఉండేవి. వండింది తిన్నవాటి సంతతి తరం తరానికీ క్షీణించింది. కళ్లకు కట్టే కథనం కాబట్టే ఇన్నేళ్లు నిలిచింది.

దాని పక్కన 'సైన్స్' పత్రికలో వచ్చిన రెండు చిన్న పత్రాలు పెట్టి చదవాలి. టారిన్ అనే పోషకం అందకపోతే పిల్లి కంటి రెటీనా దెబ్బతింటుందని 1975లో హేస్ బృందం చూపింది. గుండె కండరం కూడా బలహీనపడుతుందని 1987లో పియాన్ బృందం చెప్పింది. టారిన్ ఇస్తే ఆ గుండె తేరుకోవడం కూడా చూసింది. లోపాన్ని పూడ్చి ఫలితం గమనించే ఈ పని పాటెంజర్ చేయలేదు, ఆ రోజుల్లో చేయడానికి వీలూ లేదు. ఆయన చూసింది నిజమే. నేరమంతా వేడి మీద మోపడానికి మాత్రం ఆధారం చాలదు. టారిన్ నీళ్లలో కరుగుతుంది. ఉడికించిన నీళ్లు పారబోస్తే అదీ చాలావరకు పోతుంది. నాకు బలంగా కనిపించేది ఈ టారిన్ వాదమే.

పిల్లి పచ్చిదే తింటుంది కదా అనొచ్చు. పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ రైస్ మిల్లులో ఎలుకను పట్టిన పిల్లి బొక్కలు, గుండె, కార్జం కలిపి అప్పటికప్పుడే తినేస్తుంది. చికెన్ సెంటర్ నుంచి మనం తెచ్చే ముక్క అలాంటిది కాదు. అది పొద్దుటి నుంచీ కోళ్లను కొడుతున్న మొద్దు మీద, అదే కత్తితో తెగింది. సాల్మొనెల్లా ఉంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చావదు. ఉత్త మెత్తటి మాంసమే పెడితే కాల్షియం అందదు, బొక్కలెక్కువైతే మలబద్ధకం. కార్జం అతిగా పెడితే విరేచనాలే కాదు, ఒంట్లో విటమిన్ ఏ పేరుకుపోతుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో 2024లో పచ్చి టర్కీ మాంసంతో చేసిన ఆహారం తిని ఒక ఇంటి పిల్లి బర్డ్ ఫ్లూతో చనిపోయింది కూడా. అలాగని మన పాలబువ్వ మేలేమీ కాదు. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, బువ్వలో టారిన్ లేదు.

పచ్చి మాంసం తిన్న పిల్లికి విరేచనాలు పట్టుకుంటే ముందు అది పెట్టడం మానేయండి. బొక్కల్లేని కోడి తొడ మాంసం, కాస్త గుండె ఉడికించి, ఆ నీళ్లతోనే కొంచెం కొంచెంగా పెట్టండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఇది నాలుగు రోజుల పథ్యమే. తర్వాత అన్ని పోషకాలూ ఉన్న ఆహారానికి వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి. లంఖణం పెట్టొద్దు, రెండు రోజులు తినకపోతే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది. మలంలో నెత్తురు పడినా, వాంతులు ఆగకపోయినా, పిల్లకూన నీరసించినా ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. ఇంట్లో ఉంది కదా అని పారాసిటమాల్ మాత్రం వేయకండి, ఒక్క గోళీ చాలు పిల్లి ప్రాణం తీయడానికి.