బోర్డు మీద లేని ముత్యాలు

చార్మినార్ పక్కన పత్తర్‌గట్టీలో అమ్మమ్మ ఒక బోర్డుని కూడబలుక్కుని చదివింది: "పెర్ల్స్". నా వైపు తిరిగి "అంటే ఏందిరా?" అంది. బోర్డు మీద మూడు లిపులున్నాయి. తెలుగు వరుసలో ఉన్నవి తెలుగక్షరాలే, మాట మాత్రం తెలుగు కాదు. ఉర్దూ చదవగల నా ఫ్రెండ్‌ని అడిగితే, అక్కడా పెర్ల్సే, మోతీ లేదన్నాడు. 2017లో తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయిన ఉర్దూకీ ఇదే గతి! లోపలి నుంచి సేల్స్‌మన్ "ముత్యాలా పెద్దమ్మా, రాండ్రి" అని పిలిచాడు. నోటికి తెలిసిన మాట బోర్డుకెందుకు తెలీదు?

అలాగని ఇంగ్లిష్ మాట కనిపిస్తే చాలు ఉలిక్కిపడే రకం కాదు నేను. "ఫ్యాన్సీ స్టోర్" చూడండి. రిబ్బన్లు, గాజులు, బొట్టుబిళ్లలు దొరికే కొట్టని అమ్మమ్మకీ తెలుసు. మన ఆడవాళ్లు వాడి వాడి దాన్ని తెలుగు చేసేసుకున్నారు. పెర్ల్స్‌తో ఎవరికీ ఆ అవసరం రాలేదు, ముత్యం ఉంది కాబట్టి. అది చదవడానికి వస్తుంది, అర్థం కాదు. చదువురాని వాళ్లకీ చదువొచ్చిన అమ్మమ్మకీ అక్కడ తేడా లేకుండా పోయింది.

ఆ బోర్డు రాసినాయన్ని తిట్టే అర్హత నాకు లేదనుకోండి. మా యాప్ తెలుగు వెర్షన్‌లో "సబ్మిట్" బటన్ పెట్టింది నేనే.

అమ్మమ్మ ఒక దండ కొనుక్కుంది. బిల్లులోనూ పెర్ల్సే.