హత్యాకుట్రల చలనచిత్రములు - సాంకేతిక సత్యము

కాజీపేట, విజయవాడల నడుమ రైలుమార్గముమీద డోర్నకల్ ఒక కూడలి. చిరకాలము వరంగల్ జిల్లాలో ఉండి, 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరిన ఈ పట్టణము నుండి కొత్తగూడెం బొగ్గుగనుల వైపు ఒక శాఖామార్గము చీలిపోవును. కనుక ఇచ్చట చలనచిత్రము చూచువారిలో గనులలో పనిచేసినవారు గాని, వారి బంధువులు గాని కొందరైనను ఉందురు. తెరమీద ఒక నాయకుని కారు పేలి, నారింజరంగు మంట మిద్దెయెత్తు లేచినప్పుడు వారిలో ఒకరు "మందు ఇట్ల పేలదు గదా" అని అనుకొన్నచో వింత లేదు. ఆ సందేహము చిన్నదే. కాని రాజకీయ హత్యాకుట్రలను గూర్చిన చిత్రములను పరీక్షించుటకు అదియే మొదటి మెట్టు.

ఉపరితల గనిలో మందు పేల్చుటకు ముందు సైరను మ్రోగును. దూరముగా నిలిచినవారికి మొదట నేల ఉబ్బి ధూళి లేచుట కనబడును. ధ్వని ఆ తరువాత వచ్చును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక అర కిలోమీటరు దూరమున నున్నవానికి అది దాదాపు ఒకటిన్నర సెకను ఆలస్యముగా వినబడును. భూగర్భగనులలో మీథేను వాయువు అంటుకొనకుండుటకై, మంట తక్కువగా వచ్చు ప్రత్యేకమైన మందులనే వాడుదురు. తెరమీది పేలుడు ఇందుకు విరుద్ధము. అక్కడ మండునది సాధారణముగా పెట్రోలు. దాని ఆవిరి గాలిలోని ఆమ్లజనితో కలిసి తీరికగా మండును; అందుచేతనే కెమెరాకు పెద్ద మంట దొరకును. ఆర్.డి.ఎక్స్. వంటి పదార్థములో విస్ఫోట తరంగము సెకనుకు ఎనిమిది కిలోమీటర్లకు పైబడిన వేగముతో పరుగెత్తును. కంటికి కనబడునది ఒక మెరుపు, పిమ్మట పొగ. మనుష్యులను చంపునది ప్రధానముగా మంట కాదు. ఆఘాత తరంగము, దానితో ఎగిరివచ్చు తునకలు.

అయినను ఇట్టి దోషములను ఏరుట విమర్శలో సులువైన భాగము. తుపాకి సరియైనదే కావచ్చును, కారు ఆ సంవత్సరపుదే కావచ్చును, చిత్రము మాత్రము అసత్యమే కావచ్చును. అసలు పరీక్ష వేరు. కుట్రకు సంబంధించిన ఏ సంగతి ఎవరికి, ఎప్పుడు, ఏ ఆధారముచేత తెలిసినది? ఈ క్రమమును చెడగొట్టని చిత్రమే సాంకేతికముగా సత్యమైనదని చెప్పవలెను.

విదేశీయ చిత్రములు రెండింటిని చూచినచో ఈ భేదము తెలియును. 1973లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన "ది డే ఆఫ్ ది జాకాల్"లో హంతకుడు ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్‌ను చంపుటకు తుపాకి చేయించుకొని, చెట్టుకు వ్రేలాడగట్టిన పుచ్చకాయను గురిపెట్టి, ఒక్కొక్క గుండునకు దూరదర్శినిని కొంచెము కొంచెముగా సవరించుకొనును. పోలీసులు పాస్‌పోర్టు దరఖాస్తులను, హోటలు చీటీలను ఒక్కొక్కటిగా తిరగవేయుదురు. డిగాల్ హత్యకు గురికాలేదని ప్రేక్షకునికి ముందే తెలియును. అయినను చివరివరకు కుతూహలము తగ్గదు. పని జరుగు తీరును ఉన్నదున్నట్లు చూపుటయే దీనికి కారణము.

రెండవది 1991లో ఆలివర్ స్టోన్ తీసిన "జె.ఎఫ్.కె." అధ్యక్షుడు కెన్నెడీ 1963 నవంబరు 22న డాలస్ నగరములో హతుడైనప్పుడు జప్రూడర్ అను పౌరుడు 8 మిల్లీమీటర్ల ఫిల్ముమీద ఆ దృశ్యమును పట్టెను. ఆ కెమెరా సెకనుకు సగటున 18.3 చిత్రములు తీసినదని పరీక్షలో తేలెను గనుక ఆ ఫిల్మే ఒక గడియారమైనది. స్టోన్ చిత్రములోని న్యాయస్థాన దృశ్యములో గవర్నరు కానలీని అధ్యక్షునికి సూటిగా ముందు, అదే యెత్తున కూర్చుండబెట్టిరి. అప్పుడు ఒకే గుండు ఇద్దరిని తాకవలెనన్నచో గాలిలో వంకరలు తిరుగవలసివచ్చును. నిజమునకు కానలీ కూర్చున్న మడత ఆసనము కొంత లోపలికి, కొంత క్రిందికి ఉండెను. ఆ కొలతను సరిచేసినచో ఆ వంకరలతో పనిలేదు. ఆసనము కొన్ని అంగుళములు జరిగినంత మాత్రమున ప్రేక్షకుని మనస్సులో ఒక కుట్ర రుజువైపోయినది. అయితే ఇదే చిత్రము లేపిన కలకలము మూలముగా, హత్యకు సంబంధించిన ప్రభుత్వ పత్రములను బయటపెట్టవలెనని 1992లో అమెరికాలో చట్టమైనది. లెక్కలో తప్పిన చిత్రము పత్రములను తెరిపించుట గమనింపదగిన విషయము.

మన దేశమున ఈ పరీక్షకు నిలువదగిన ఉదాహరణము రాజీవ్ గాంధీ హత్య. 1991 మే 21న ఆయన విశాఖపట్నము నుండి విమానములో మద్రాసు చేరి, అక్కడనుండి శ్రీపెరంబుదూరు సభకు పోయెను. రాత్రి పది గంటలు దాటిన పిమ్మట, ఆయనను సమీపించిన యువతి ఒంటికి కట్టుకొన్న బాంబు పేలినది. పక్కనున్న హరిబాబు అను ఛాయాచిత్రకారుడు మరణించెను. ఆతని కెమెరా మాత్రము చెడలేదు. అందులో పది చిత్రములు దొరకెను. దండ పట్టుకొన్న యువతి, తెల్లని కుర్తా పైజామాతో విలేఖరివలె నిలిచిన మనిషి వానిలో ఉండిరి. వారెవరో వెదకుటకు దారి తీసినవి ఆ చిత్రములే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ అభివృద్ధిచేసిన డి.ఎన్.ఏ. పరీక్ష కూడ ఈ కేసులో ఉపయోగపడినది. విలేఖరి వేషమున వచ్చిన శివరాసన్ బెంగుళూరు సమీపమున శవమై దొరకునప్పటికి మూడు నెలలు గడచెను. విచారణ న్యాయస్థానపు తీర్పు 1998 జనవరి 28న గాని రాలేదు.

ఈ ఘటననే పేర్లు మార్చి శూజిత్ సర్కార్ 2013లో "మద్రాస్ కేఫ్" అను హిందీ చిత్రము తీసెను. యుద్ధభూమి, కార్యాలయములు, రేడియో సందేశములను పట్టు పద్ధతి చక్కగా కుదిరినవి. పాటలు చొప్పింపకపోవుట మెచ్చదగినది. కాని కథానాయకునికి రహస్య సందేశముల వలన కుట్ర ముందుగానే తెలియును. ఆతడు సభాస్థలమునకు పరుగెత్తి కొద్ది క్షణములు ఆలస్యమగును. ఇక్కడ కాలక్రమము తలక్రిందులైనది. హత్య తరువాత నెలల తరబడి కూడబెట్టిన జ్ఞానమును చిత్రము హత్యకు ముందు ఒక్కని చేతిలో పెట్టినది. ఉత్కంఠ పెరిగినమాట నిజమే. అయితే "అన్నియు తెలిసియు ఆపలేకపోయిరి" అను అపోహ ప్రేక్షకునికి మిగులును.

2025లో నాగేశ్ కుకునూర్ తీసిన "ది హంట్" అను ఏడు భాగముల ధారావాహిక ఈ విషయమున మేలైనది. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున రసాయన ఇంజనీరింగు చదివిన దర్శకుడు హత్యతోనే కథ మొదలుపెట్టి, డి.ఆర్. కార్తికేయన్ నాయకత్వమున సాగిన దర్యాప్తు వెంట నడచెను. చిత్రము నుండి పేరునకు, పేరు నుండి చిరునామాకు పోవు దారి, మధ్యమధ్య ఆలస్యములు, పై ఉత్తర్వుల కొరకు కనిపెట్టుకొనియుండుట ఇందు కనబడును. తెలియకపోవుటను గూడ చూపుటయే దీని సాంకేతిక సత్యము. కాని ఇది ప్రధానముగా వేటతో ముగిసిన కథ. పట్టుబడినవారి మీది సాక్ష్యము న్యాయస్థానమున ఎట్లు నిలిచినది, ఎక్కడ సడలినది అను భాగము తెరకు ఎక్కలేదు. కేసు యొక్క కష్టమైన సగము అదియే.

ఆ సగమునకు గుర్తు ఒక చిన్న బ్యాటరీ. బాంబునకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ వాడిరని పరిశోధకులు చెప్పిరి. అట్టి బ్యాటరీలు రెండు కొనియిచ్చెనను అభియోగముమీద 1991 జూనులో పేరరివాళన్ అను 19 సంవత్సరముల యువకుని నిర్బంధించిరి. ఆతనికి మరణశిక్ష పడెను. 1999లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచెను. అవి దేనికొరకో తనకు తెలియదని అతడు పలికిన మాటను తాను వాఙ్మూలములో వ్రాయలేదని, దానిని నమోదుచేసిన అధికారి విశ్రాంతుడైన పిమ్మట 2013లో బహిరంగముగా చెప్పెను. 2014లో శిక్ష యావజ్జీవముగా తగ్గెను. 2022 మే 18న సుప్రీంకోర్టు రాజ్యాంగము 142వ అధికరణము క్రింద ఆతనిని విడుదలచేసినది. ఇది ఆతడు నిర్దోషియను తీర్పు కాదు. అయినను విజ్ఞానశాస్త్రపు ఎల్లను ఈ ఉదంతము స్పష్టముగా చూపుచున్నది. ఎన్ని వోల్టుల బ్యాటరీ వాడిరో ప్రయోగశాల చెప్పగలదు. దానిని కొన్నవాడు ఆనాడు ఏమి ఎరుగునో ఏ పరికరమును కొలువలేదు. ముప్పది ఏండ్ల జీవితము ఈ రెంటి నడుమ నలిగినది.

కుట్రల చిత్రములు తీయువారు మంటలకు వ్యయపరచు శ్రద్ధలో కొంత ఈ భేదమునకు కేటాయించినచో మేలు. చూచువారును గని మనిషి సందేహమును ఇంకొక మెట్టు ఎక్కింపవలెను. మందు ఇట్లు పేలునా అని అడిగి ఆగిపోక, ఈ సంగతి ఆనాటికి వీనికి తెలియునా అని కూడ అడుగవలెను. తెరయెదుట ఆ ప్రశ్న వేయ నేర్చినవారు, ఊరిలో ఒక పుకారు పుట్టి ఒకరిని నేరస్థునిగా నిర్ణయించునాడు కూడ దానిని వేయగలుగుదురు.