ఫ్రాయిసార్ వీరచరిత్రము - దానిలోని రైతు

ఇంగ్లండు, ఫ్రాన్సు రాజవంశములకు 1337వ సంవత్సరము మొదలు 1453 వరకు జరిగిన పోరును చరిత్రకారులు నూరేండ్ల యుద్ధమని వ్యవహరింతురు. ఆ యుద్ధపు పూర్వభాగమును లోకము నేటికిని ఎవరి కన్నులతో చూచుచున్నదని విచారించినచో, అవి చాలవరకు జాన్ ఫ్రాయిసార్ కన్నులేయని మాకు తోచుచున్నది. క్రెసీ రణరంగమును, కలే పట్టణపు పౌరులార్గురు మెడలకు త్రాళ్లు తగిలించుకొని శత్రురాజు నెదుట నిలిచిన ఘట్టమును జనుల మనస్సులలో నాటినవాడు ముఖ్యముగా నతడే.

ఫ్రాయిసార్ యుద్ధారంభకాలముననే వలాన్సియెన్ పట్టణమున జన్మించెను. ఇంగ్లండు రాజగు మూడవ ఎడ్వర్డు పత్ని ఫిలిప్పారాణి ఆశ్రయమున కొంతకాల ముండెను. తొలిభాగములకు జాన్ లె బెల్ అను పూర్వుని రచనను ఆధారముగా గైకొనెను. తరువాతి వృత్తాంతములకై తానే దేశములు తిరిగి, యోధులను కలసికొని, విన్నదానిని వ్రాసికొనెను. ఈ శ్రమ సామాన్యమైనది కాదు. ఆతని కథనమున నున్న జీవకళను మేము కాదనము.

కాని చరిత్రగ్రంథమునకు కళ యొక్కటియే చాలదు. శూరుల కార్యములు మరపున పడకుండుటకును, వానిని చూచి ఇతరులు ఉత్సాహము పొందుటకును తాను వ్రాయుచున్నానని గ్రంథకర్త పీఠికయందే చెప్పుకొనెను. ఈ సంకల్పమే ఆతని దృష్టికి ఎల్ల యయ్యెను. 1346లో క్రెసీయొద్ద నేలకొరగిన ఫ్రెంచి ప్రభువులను వేల్సు, కారన్వాలు సీమల కాల్బంట్లు పెద్దకత్తులతో చంపిరనియు, అందులకు ఎడ్వర్డు పిమ్మట కినిసెననియు అతడు వ్రాసెను. ఆ కినుకకు మూలము దయ కాదు. ప్రాణముతో చిక్కిన ప్రభువు విడుదలధనము తెచ్చును; చచ్చినవాడు తేడు. 1356లో పాయిటియర్సు యుద్ధమున చిక్కిన ఫ్రాన్సు రాజు జాన్ విడుదలకు 1360 నాటి సంధిలో 30 లక్షల బంగారు నాణెములు వెలకట్టిరి. ఆ భారము పన్నుల రూపమున ప్రజలపై బడెను. ప్రభువు ప్రాణమునకు వెల యున్నది. ఆ వెల చెల్లించువాని ప్రాణమునకు లేదు.

1358లో పారిసు పరిసరముల రైతులు ప్రభువులపై తిరుగబడిరి. మో పట్టణమున ఆశ్రయము పొందిన రాజకుటుంబ స్త్రీలను రక్షించుటకు ఇద్దరు శూరులు వచ్చి రైతులను వేలకొలది సంహరించిరని ఫ్రాయిసార్ మెచ్చుకొనుచు వర్ణించెను. ఆ రైతులు ఆతని కంటికి పొట్టివారు, నల్లనివారు, సరియైన ఆయుధములు లేనివారు. వచ్చిన శూరులలో ఒకడు ఫ్వా ప్రభువు. రెండవవాడు, రెండేండ్లకు ముందు పాయిటియర్సున ఇంగ్లీషు పక్షమున పోరాడిన కప్తాల్ ద బూష్. రాజుల కొరకు ఒకరినొకరు చంపుకొను కులీనులు రైతు తలయెత్తగానే ఏకమైరి. ఇందలి చిత్రమును గ్రంథకర్త గుర్తింపలేదు.

న్యాయము కొరకు ఇంకొక మాట చెప్పవలెను. 1370లో ఎడ్వర్డు పెద్దకుమారుని సేనలు లిమోజు పట్టణమును కొల్లగొట్టినపుడు ఏ పాపమెరుగని బీదజనులు చచ్చిరని ఫ్రాయిసార్ దుఃఖించెను. ఆతడిచ్చిన మృతుల సంఖ్య హెచ్చని నేటి పరిశోధకులు తలచుచున్నారు. సంఖ్య యెట్లున్నను, ఆ జాలి కృత్రిమము కాదు. అయితే అది వీరకథ నడుమ ఒక నిట్టూర్పు మాత్రమే.

కాలమట్టిది, గ్రంథకర్తను తప్పుపట్టరాదని కొందరందురు. ఈ వాదమును మేము అంగీకరింపము. ఆ కాలముననే, ఆ దేశముననే, జాన్ ద వెనెట్ పేర ప్రసిద్ధమైన లాటిను చరిత్ర యొకటి పుట్టెను. దానిని వ్రాసినవాడు పారిసునందలి సన్న్యాసి. కాంపియెన్ చేరువనున్న వెనెట్ గ్రామమున పుట్టినవాడు. తన ఊరు తగులబడుట అతడు వ్రాసెను. దున్నని పొలములు, కోయని ద్రాక్షతీగెలు, కోటలుగా మార్చుకొన్న గ్రామదేవాలయములు, గంటగోపురమెక్కి శత్రువు జాడ కనిపెట్టి కొమ్మూదు పిల్లలు, లువారు నదిలో పడవలపై రాత్రులు గడుపు కుటుంబములు ఆతని పుటలలో గోచరించును. తిరుగుబాటుదారుల క్రౌర్యమును అతడును ఖండించెను; కాని రక్షింపవలసిన ప్రభువులే పీడించిరను కారణమును దాచలేదు. గొఱ్ఱెలను కాయవలసిన కుక్క తోడేలుతో చెలిమిచేసి మందను తినివేసిన కథను అతడు తన గ్రంథమున చెప్పెను. మో వద్ద జరిగినదానికి ఇంతకంటె తగిన వ్యాఖ్య వేరొకటి యున్నదా?

కావున లోపము కాలముది కాదు, కూర్చున్న చోటుది. ఫ్రాయిసార్ సభామందిరమున కూర్చుండి వినెను. వెనెట్ కాలిన ఊరివైపు చూచెను. ఫ్రాయిసార్ గ్రంథమును త్రోసివేయుమని మేము చెప్పము. వెనెట్ గ్రంథమును ప్రక్కన నుంచుకొని చదువుమని చెప్పుచున్నాము. కథ యింపుగా నున్నకొలది, ఈ విజయమునకు ఎవరి పొలము కాలినదని అడుగుట చదువరి విధి. ఆ ప్రశ్న మరచిన జాతి తన పిల్లలకు యుద్ధమును పండుగగా నేర్పును.