ఆట నియమం, కథా నియమం: ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అభిమానుల తీర్పులపై ఒక పరిశీలన

సాహస ప్రధానమైన వీడియో గేమ్‌లను గురించి అభిమానులు ఇచ్చే తీర్పులు సాధారణంగా రెండు గదులలో సర్దుకుంటాయి. ఆటతీరు బాగుంది గాని కథ పలచన. లేదా కథ బాగుంది గాని పోరాటాలు విసుగు పుట్టించాయి. ఇక్కడ ఆటతీరు అంటే ఆటగాడి చేతికి అప్పగించిన పనులు, వాటికి విధించిన నియమాలు, గెలుపోటముల ఏర్పాటు. కథ అంటే ఆ పనుల మధ్య వినిపించే మాటలు, కనిపించే దృశ్యాలు. జోర్డన్ మెక్నర్ 1989లో రూపొందించిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’తో మొదలై 2024 నాటి ‘ది లాస్ట్ క్రౌన్’ దాకా సాగిన పరంపరపై అభిమానుల చర్చ చాలావరకు ఈ విభజన మీదనే నడిచింది. అయితే ఆ తీర్పులలో తీవ్రమైనవాటిని దగ్గరగా చూస్తే అవి ఏ ఒక్క గదికీ చెందవు. ఆట నియమం, కథా నియమం ఒకటైన చోట మెప్పు, అవి విడిపోయిన చోట అలక పుట్టాయి. ఆ కూడలిని గుర్తించడానికి తెలుగు కథాసంప్రదాయంలో కొలమానాలు ఉన్నాయి.

భేతాళ కథల చట్రం ఇందుకు మొదటి సాక్ష్యం. విక్రమార్కుడు మౌనంగా శవాన్ని మోయాలి. ప్రశ్నకు సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. సరిగా ఆలోచించినందుకే పని మొదటికి వస్తుంది. 15వ శతాబ్ది తెలంగాణ కవి కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లో భోజుడు సింహాసనం ఎక్కబోయిన ప్రతిసారీ ఒక బొమ్మ అడ్డుపడి కథ చెబుతుంది. కథ వినకుండా అడుగు ముందుకు పడదు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీ మజిలీ కథలు’లో గోపకుమారుడు కథలు చెబితేనే మణిసిద్ధునితో నడుస్తాడు. ఈ మూడింటిలోనూ కథ ప్రయాణానికి అలంకారం కాదు, ప్రయాణం సాగే షరతు.

2003లో యూబీసాఫ్ట్ మాంట్రియల్ సంస్థ తెచ్చిన ‘ది శాండ్స్ ఆఫ్ టైమ్’ను అభిమానులు పరంపరలో శిఖరంగా భావించడానికి కారణం ఇక్కడే ఉంది. ఆ ఆటలో పోరాటాలు ఒకే తీరున, అతి దీర్ఘంగా ఉంటాయన్న ఫిర్యాదు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, అది న్యాయమైనదే. అయినా ఆటను మరపురానిదిగా చేసింది ఒక చిన్న ఏర్పాటు. రాకుమారుని చేతిలోని బాకు కాలాన్ని కొద్ది క్షణాలు వెనక్కు తిప్పుతుంది. దానిలో ఇసుక అయిపోయాక రాకుమారుడు లోయలో పడి మరణిస్తే అతని గొంతే వినిపిస్తుంది: జరిగింది ఇది కాదు, మళ్లీ చెబుతాను అని. అంటే ఆటంతా అతడు ఎవరికో చెబుతున్న కథ. ఆటగాని ఓటమి ఆ చెప్పడంలో దొర్లిన తప్పు. మామూలుగా ఆట మళ్లీ మొదలుకావడం కథ బయటి విషయం. ఇక్కడ అది కథకుని సవరణగా మారింది. ఊకొట్టేవారి ముందు కథ చెప్పే అమ్మమ్మలు తడబడి వెనక్కు వచ్చే తీరు తెలిసినవారికి ఇందులో వింత కనిపించదు.

ఆ శ్రోత ఫరా అని చివర తెలుస్తుంది. ఆమె భారతీయ మహారాజు కుమార్తె. కాలం వెనక్కు మళ్లడంతో రాకుమారునితో చేసిన ప్రయాణం ఆమెకు జరగనే లేదు. తన కథకు రుజువుగా అతడు చివరన ఒక మాట చెబుతాడు: ‘కకోలూకియా’. బాల్యంలో భయం వేసినప్పుడు తల్లి నేర్పిన మాటగా ఫరా అతనికి ఒకనాడు చెప్పుకున్న రహస్యం అది. పంచతంత్రంలోని మూడవ తంత్రం పేరు కాకోలూకీయమని ఎరిగిన పాఠకుడికి ఆ ధ్వని చెవిలో వెంటనే మోగుతుంది. రూపకర్తల ఉద్దేశం ఏదైనా, కథనంలో దాని పని మాత్రం అభిజ్ఞానం. సుందరకాండలో సీత హనుమంతునికి చూడామణితోపాటు కాకాసుర వృత్తాంతాన్ని ఆనవాలుగా పంపుతుంది. ఆమెకూ రామునికీ మాత్రమే తెలిసిన ముచ్చట గనుక దానికి ఆ బలం. ఫరా రహస్యానికీ ఆ బలమే.

అభిమానులు ఈ ముగింపును ప్రేమకథగా ఆదరించారు. కాని వారి మెప్పు దాటిపోయిన అంశం ఒకటి ఉంది. ఆ చివరి ఘట్టంలోనే రాకుమారుడు ఫరాను ముద్దు పెట్టుకుంటాడు, ఆమె ప్రతిఘటిస్తుంది, అతడు బాకుతో కాలాన్ని వెనక్కు తిప్పి ఆ క్షణాన్ని చెరిపేస్తాడు. అడుగు తప్పినప్పుడు దిద్దుకోవడానికి ఆటగాడికి ఇచ్చిన సాధనం ఇక్కడ మరొకరి నిరాకరణను మాయం చేసింది. జ్ఞాపకం అతనికి మిగిలింది, ఆమెకు లేదు. ఆనవాలు ఇద్దరి ఉమ్మడి ధనం కావాలి. సీతారాముల విషయంలో అది అంతే. ఫరా విషయంలో ఆమె రహస్యం ఆమెకు తెలియకుండానే పరుల సొత్తయింది. ఆటతీరును, కథను వేర్వేరుగా తూచే విమర్శకు ఈ అన్యాయం కనిపించదు, ఎందుకంటే అది ఆ రెండింటి అతుకులో ఉంది.

2004 నాటి ‘వారియర్ విదిన్’పై వచ్చిన అసంతృప్తి మరో దిశది. కత్తిసాము సంపన్నమైంది, రాకుమారుడు మాత్రం కరకు మాటల మనిషయ్యాడు. మెక్నర్ స్వయంగా ఆ ఆట కళాధోరణి, హింస తనకు నచ్చలేదని చెప్పాడు. విచిత్రమేమిటంటే ఆ ఆటను తిట్టినవారు సైతం దహాకా తరిమే ఘట్టాలను మరువరు. కాలపు ఇసుకను విడిచిపెట్టి, అందుకు రాసిపెట్టిన చావును తప్పించుకున్నవాని వెంట పడే కాలరక్షకుడు దహాకా. మొదటి ఆటలో ఆటగాడు యథేచ్ఛగా వాడుకున్న సౌకర్యానికి రెండవ ఆట పంపిన తాఖీదు అది. పాత్రపోషణ చెడిన ఆటలోనూ నియమం కథగా మారిన చోటు నిలిచింది.

ఈ ఆటలలో కథ చెప్పే మరో గొంతు కట్టడాలది. విరిగిన స్తంభం, బీటలు వారిన గోడ దారినీ చూపుతాయి, జరిగిన ఉపద్రవాన్నీ చెబుతాయి. శంషాబాద్ మండలం నర్కుడ పరిధిలోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం ఈ భేదాన్ని తేటపరుస్తుంది. ఎన్నో తెలుగు చిత్రాలలో ఆ గోపురం, కోనేరు కనిపించాయి. కెమెరా ఎంచిన కోణంలోనే ప్రేక్షకుడు వాటిని ఎరుగును. విమానాశ్రయపు రద్దీ నుంచి పక్కకు తిరిగి అక్కడికి చేరినవాడు గోపురం నుంచి కోనేటి మెట్ల దాకా వరసను తన నడకతోనే కూర్చుకుంటాడు. ఆట ఇవ్వగలిగింది ఈ రెండవ అనుభవం. 2017లో బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ తెచ్చిన ‘బాహుబలి: ది గేమ్’ దాన్ని ఇవ్వలేదు. మాహిష్మతి అక్కడ కోటలు కట్టి సేనలు పెంచుకునే వ్యూహక్రీడగా మిగిలింది. రాజ్యం చేతికి వచ్చింది, నడిచేందుకు వీధి రాలేదు.

2008లో పరంపర కొత్తగా మొదలై వచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అభిమానులను నిలువునా చీల్చింది. పడిపోయిన ప్రతిసారీ ఎలికా చేయందించి కాపాడుతుంది గనుక చావు లేదు, చావు లేని చోట సవాలు లేదని ఒక వర్గం వాదించింది. ఈ వాదం ఎలికాను కేవలం సౌకర్యంగా చూస్తుంది. ఆమె చేయిపై ఆధారపడే అలవాటును ఆట గంటల తరబడి పెంచి, అహ్రిమాన్‌ను బంధించే చివరి ఘట్టంలో ఆమెను చంపుతుంది. ఆపై ఆటగాడు స్వయంగా చెట్లను నరికి, ఆమెను బతికించి, తాను శ్రమించి బంధించిన చీకటి దైవాన్ని విడిచిపెట్టాలి. వద్దనుకుంటే ఆటను కట్టివేయడమే మార్గం. చేసిన పనంతా చేతులారా చెరిపించడం మోసమని కోపించినవారు ఎందరో. పడ్డ ప్రతిసారీ అందిన ఆ చేయి లేని లోటు తెలిసినందువల్లే కత్తి ఎత్తగలిగామన్నవారూ ఉన్నారు. భేతాళుడు చెట్టెక్కిన ప్రతిసారీ విక్రమార్కుడు విసుగు లేకుండా వెనక్కు వెళ్లి శవాన్ని భుజాన వేసుకుంటాడు. కోపించిన అభిమాని ఆ భుజం బరువును మొదటిసారి మోసినవాడు.