బందరా, బాపట్లా?

విజయవాడలో ఉద్యోగ విరమణ చేసినవాళ్లు నలుగురు చేరితే ఈమధ్య సముద్రం మాట వస్తోంది. వేసవిలో కొండరాయి పగలంతా కాగి, రాత్రంతా ఆ వేడిని ఊరి మీదకు వదులుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి కదల్లేదు. అదే సమయంలో ప్రకాశం బరాజు నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగింది. అరవై దాటినవాళ్లు పాలప్యాకెట్ కోసం, బీపీ మాత్ర కోసం మేడ మీద నిలబడి పడవలవైపు చూసిన రోజులవి. ఆ తర్వాత ఊరు మారదామని ఎవరైనా అంటే తప్పుపట్టలేం.

విశాఖ పేరు అందరి నోటా ముందు వస్తుంది. కానీ అదొక మహానగరం. అక్కడి అద్దెలు, అక్కడి ట్రాఫిక్ విజయవాడను వదిలించుకోవాలనుకునేవాళ్లకు ఊరట కావు. పైగా బంధువుల పెళ్లికో, చావుకో ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరం కాదు. కృష్ణా డెల్టా మనిషి తన నేల విడిచిపెట్టకుండా సముద్రం దగ్గరకు చేరాలంటే ముఖ్యంగా రెండు ఊళ్లున్నాయి. ఒకటి బందరు, రెండోది బాపట్ల. విజయవాడ నుంచి రెండింటికీ సుమారు డెబ్భై, డెబ్భై అయిదు కిలోమీటర్లు. రెండూ జిల్లా కేంద్రాలే. అయినా ఒకదాని బదులు ఇంకొకటి అనుకోవడానికి వీల్లేనంత వేరు.

కంటికి ఆనేది ముందు చూస్తే బాపట్లదే పైచేయి. సూర్యలంకలో పొడవాటి ఇసుక తీరం, సరుగుడు తోటలు, నీలంగా కనిపించే నీళ్లు, నిజమైన అలలు ఉన్నాయి. బందరు దగ్గర మంగినపూడిలో కాలి కింద నల్లమట్టి. నీరు బురద రంగు. లోపలికి చాలా దూరం నడిచినా లోతు పెద్దగా పెరగదు. ఫొటో తీసుకునేవాళ్లు సూర్యలంకకే ఓటేస్తారు. స్నానం చేసే పెద్దవాళ్లు మంగినపూడికి ఓటేయాలి. కార్తీక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగస్వామిని చూసుకుని డెల్టా జనమంతా మంగినపూడిలో మునకలేయడం వెనక ఆ వాలు తక్కువ నేల సౌకర్యం కూడా ఉంది. సూర్యలంకలోనూ, చీరాల పక్క వాడరేవులోనూ సెలవు రోజుల్లో మునిగిపోయినవాళ్ల వార్తలు ఏటా చదువుతున్నాం. అందం, అపాయం అక్కడ ఒకే అలలో ఉంటాయి.

అయితే ఇల్లు కొనే తొందరలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ రెండు ఊళ్లూ సముద్రం ఒడ్డున లేవు. బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు, బందరు నుంచి మంగినపూడి పదకొండు. ఊళ్లో పడుకుంటే అల చప్పుడు వినపడదు. అల పక్కన బతికేది గిలకలదిండి లాంటి చోట్ల వేట మీద ఆధారపడ్డ పల్లెకారులు. వాళ్లకు ఆ నీటి తత్వం తెలుసు, అది వాళ్ల వృత్తి. తక్కిన డెల్టా మనిషి సముద్రాన్ని ఆదివారం చూసి వచ్చేదిగానే ఉంచుకున్నాడు. అందుకు కారణాలు చరిత్రలో స్పష్టంగా ఉన్నాయి.

1864 నవంబరు 1 రాత్రి బందరులోకి సముద్రం వచ్చింది. దాదాపు ముప్ఫైవేలమంది పోయారని లెక్క. డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వర్తకం పెట్టిన రేవు అది. కలంకారీ బట్ట ఓడలెక్కి దేశాలు దాటిన రేవు. ఆ ఒక్క రాత్రి తర్వాత మళ్లీ పాత స్థితికి రాలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా చనిపోయారు. ఆ తుఫాను కన్ను తీరం దాటింది చీరాల వైపు. నీళ్లు ముంచింది మాత్రం దివిసీమను. మన తీరంలో తుఫాను గాలి అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. కన్నుకు కుడివైపున ఆ గాలి నీటిని సముద్రం మీంచి నేల మీదకు తోస్తుంది, ఎడమవైపున నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది. అంటే బాపట్ల, చీరాలల దగ్గర తీరం దాటే తుఫానుకు ఎత్తైన నీటిగోడ లేచేది వాటికి ఈశాన్యాన, అంటే దివి, బందరు వైపు. పైగా అక్కడ సముద్రం లోతు తక్కువ. లోతు తక్కువైన కొద్దీ గాలి తోసే నీరు పైకి లేస్తుంది. మంగినపూడిలో పెద్దవాళ్లకు స్నానం సుఖంగా ఉండేది ఏ వాలు వల్లనో, ఉప్పెనకు దారి ఇచ్చేదీ ఆ వాలే.

ఈ లెక్కలో బాపట్లకు కొంత రక్షణ ఉంది. అక్కడి నుంచి చీరాల దాకా పాత సముద్ర తీరాలు వదిలిపోయిన ఇసుక మెరకలున్నాయి. వాన ఎంత పడినా ఇసుక తాగేస్తుంది. బందరు చుట్టూ నల్లరేగడి, కాస్త వానకే నీరు నిలుస్తుంది. కానీ గాలి విషయంలో బాపట్ల తప్పించుకోలేదు. 2010 మేలో లైలా అక్కడే తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ కూడా బాపట్ల దగ్గరే దాటింది. కోతకొచ్చిన వరి పడిపోయింది. 1977కీ ఇప్పటికీ తేడా హెచ్చరికలో ఉంది. బందరులోనే తుఫాన్లను కనిపెట్టే డాప్లర్ రాడార్ ఉంది, జనాన్ని ముందే తరలిస్తున్నారు. అయితే తరలించడం అంటే అరవై అయిదేళ్ల మనిషికి ఒకటి, ఎనభై ఏళ్ల మనిషికి మరొకటి. అమెరికాలో పించను మనుషులకు స్వర్గం అని పేరుపడ్డ ఫ్లోరిడాలో 2022 సెప్టెంబరులో ఇయాన్ తుఫాను ఫోర్ట్ మైయర్స్ తీరాన్ని కొట్టింది. అక్కడ చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. కార్లు, రోడ్లు, హెచ్చరికలు అన్నీ ఉన్న చోట కూడా అలా జరిగింది. మంచం దిగలేని మనిషిని ఎవరు దింపుతారన్న ప్రశ్నకు జవాబు లేకుండా తీరంలో ఇల్లు తీసుకోకూడదు.

నీళ్ల సంగతి ఇంకా లోతైనది. డెల్టా చివర నేల కింద ఉప్పునీరే ఎక్కువ. బాపట్ల ఇసుకలో మాత్రం వానకు ఇంకిన మంచినీరు ఉప్పునీటి మీద పలచని పొరలా తేలి ఉంటుంది. రైతులు లోతు తక్కువ దొరువులు తవ్వి, కడవలతో తోడి, వేరుశనగ, కూరగాయలు పండించారు. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఆ దొరువుకే మెరుగులు దిద్ది, ఇసుకలో అడ్డంగా గొట్టాలు వేసి పైపొర నీటిని మాత్రమే తీసే పద్ధతి తయారుచేశారు. ఇందులో ఇల్లు కట్టేవాడికి పాఠముంది. ఆశపడి లోతుకు బోరు దించి గట్టిగా తోడితే కింది ఉప్పు పైకొస్తుంది, అప్పుడు మనదే కాదు, పక్కింటి బావీ పోతుంది. తీరంలో కొత్తగా లేచే అతిథి గృహాలు, ఈతకొలనులు ఈ పలచని పొర మీదే కూర్చుంటున్నాయి. అది నాకు భయం కలిగించే విషయం. బందరుకు ఆ పొర కూడా లేదు. ఆ ఊరు కాల్వ నీటితో బతుకుతుంది. వేసవిలో కాల్వలు కట్టేసినప్పుడు తరకటూరు చెరువులో నింపి పెట్టుకున్న నీళ్లే దిక్కు. విజయవాడలో నది పక్కన పెరిగినవాళ్లు కాల్వ చిట్టచివర బతకడం అంటే ఏమిటో ఒక వేసవి అక్కడుండి తెలుసుకోవాలి.

ఇప్పటిదాకా చూస్తే బాపట్లే గెలిచినట్టుంది. కానీ ముసలితనంలో ఊరిని తూచే రాళ్లు వేరు.

వైద్యం సంగతి చూద్దాం. 2023 సెప్టెంబరులో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దానితో పాటు బోధనాసుపత్రి ఊళ్లోనే ఉన్నట్టు. అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే తొలి గంటలో చేరే చోటు ముఖ్యం. ఆ పైన విజయవాడకు నాలుగు వరసల జాతీయ రహదారి 65 ఉంది. బాపట్ల మనిషి పెద్ద జబ్బుకు గుంటూరు పెద్దాసుపత్రికో, మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్లాలి. రెండూ మంచివే, రెండూ దూరమే. నెలనెలా చూపించుకునే జబ్బుకు ఆ దూరం పెద్ద లెక్క కాదు. పక్షవాతం వచ్చిన రాత్రి అదే లెక్క.

రైలు విషయంలో అందరూ బాపట్లనే మెచ్చుకుంటారు. చెన్నై, హౌరా లైను మీద ఉంది కాబట్టి ఎటైనా పోవచ్చు. నిజమే. కానీ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగేది ఒకటి రెండు నిమిషాలు. మోకాళ్ల నొప్పులతో, చేతిలో సంచితో, మన పెట్టె ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ పరుగెత్తాలి. బందరులో పట్టాలు ఆగిపోతాయి. రైలు అక్కడే బయలుదేరుతుంది. తీరిగ్గా ఎక్కి, సీటు చూసుకుని, మంచినీళ్ల సీసా కిటికీ దగ్గర పెట్టుకుని కూర్చోవచ్చు. దిగేటప్పుడూ తొందరలేదు, దాటిపోతామన్న భయం లేదు. రైల్వే పటం చూసి ఊరు ఎంచుకునేవాళ్లు ఈ చిన్న సుఖాన్ని లెక్కవేయరు. అరవైల్లో అది చిన్నదే, డెబ్భైల్లో మాత్రం ప్రయాణం చేయాలా మానాలా అనేది దానిమీదే తేలుతుంది.

అన్నిటికన్నా బరువైనది మాట్లాడే మనుషులు. బందరులో 1902లో కృష్ణాపత్రిక పుట్టింది, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు. 1843 నాటి నోబుల్ కళాశాల, హిందూ కళాశాల, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పాఠం చెప్పిన హైస్కూలు. ఈ పేర్లు గతవైభవం కోసం చెప్పడం లేదు. ఆంధ్రా బ్యాంకు పేరు కూడా 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. తరాల తరబడి చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసినవాళ్లు ఉన్న ఊరు గనక, సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాడికి పద్యం గురించో పించను బకాయి గురించో వాదించడానికి తోడు దొరుకుతుంది. కొత్తగా వచ్చినవాడిని ఎవరి తాలూకు అని ఆరా తీసి, కాసేపటికి కలుపుకుంటారు. బాపట్లకు తనదైన గౌరవం ఉంది. తొలి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది అక్కడే. భావనారాయణస్వామి గుడి చుట్టూ పాత ఊరి ప్రశాంతత ఇంకా మిగిలి ఉంది. 1945 నుంచి నడుస్తున్న వ్యవసాయ కళాశాల వల్ల పెరట్లో మొక్క పెంచే పెద్దమనిషికి అక్కడున్నంత మంచి సావాసం మరో చోట దొరకదు. కానీ ఆ ఊరి సందడి ఎక్కువగా విద్యార్థులది, శని ఆదివారాల్లో సూర్యలంకకు వచ్చిపోయే కార్లది. వాళ్లు వెళ్లిపోయాక మిగిలే నిశ్శబ్దం కొందరికి వరం. ఊరు కొత్తైన మనిషికి అది భారం.

పక్కనే ఉన్న చీరాల ఒక సంగతి గుర్తుచేస్తుంది. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. అంత కష్టం ఓర్చుకోగలిగారంటే పక్కింటివాళ్లు పక్క పాకలో ఉన్నందుకే. రిటైరై ఊరు మారేవాళ్లు మాత్రం ఇద్దరే కదులుతారు. పాలవాడి నుంచి పురోహితుడి దాకా అందరినీ మళ్లీ కొత్తగా సంపాదించుకోవాలి. అందుకే వీలైతే ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి ఒకే వీధిలో చేరమంటాను.

నా ఎంపిక బందరు. ఉప్పెన చరిత్ర అంతా చెప్పి కూడా అదే అంటున్నాను, కొన్ని షరతులతో. ఇల్లు మంగినపూడి దారిలో కాదు, పాత ఊరి లోపల ఉండాలి. రోజూ ఉండేది కింద అయినా, మేడ మీద ఒక గది సిద్ధంగా ఉండాలి. ఆ మెట్లు ముసలివాళ్లు ఎక్కగలిగేంత వెడల్పుగా, చేతిపట్టుతో ఉండాలి. తీరం పక్కన సముద్రం కనిపించే ప్లాట్లని అమ్మేవి ఏ ఊళ్లోవైనా కొనకూడదు. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ నిబంధనలుంటాయి. గ్రామాల్లో అలకు దగ్గరి మేర చాలాచోట్ల కట్టడమే నిషేధం. అమ్మేవాడు ఆ మాట చెప్పడు. పైగా ఉప్పుగాలికి ఇనుపచువ్వ ఎలా పొంగుతుందో, స్లాబు ఎలా పెచ్చులూడుతుందో ఏ తీర గ్రామంలో చూసినా తెలుస్తుంది. ముందు అద్దెకే చేరాలి. ఒక మే నెల ఉక్కపోత, ఒక ఆశ్వయుజ కార్తీకాల తుఫాను కాలం అక్కడ గడిపాకే విజయవాడ ఇల్లు అమ్మే ఆలోచన చేయాలి.

ఈ తీర్పును మార్చగలిగేది రేవు. 2023 మే 22న బందరు ఓడరేవు పనులు మొదలయ్యాయి. అది పూర్తిగా నడిస్తే లారీలు, అద్దెలు, నీటికి పోటీ పెరుగుతాయి. పించను మీద బతికేవాళ్లకు అది బరువే. అదే రేవు బందరు పిల్లలకు ఉద్యోగమిచ్చి కొందరినైనా ఊళ్లో నిలబెడితే, ఆసుపత్రికి తీసుకెళ్లే చేయి ఒకటి ఎక్కువవుతుంది. ఏది ముందు వస్తుందో చూడాలి.

దంపతులు ఊరు చూసేటప్పుడు ఇద్దరూ నడవగలిగే రోజుల్లో చూస్తారు. ఆయన సముద్రాన్ని చూస్తాడు, ఆవిడ వంటింటి కుళాయిని చూస్తుంది. ఇద్దరిలో ఒకరు పోయాక రెండోవారు అక్కడ ఎలా ఉంటారన్నది ఎవరూ పైకి అనరు. మన ఇళ్లలో ఎక్కువగా ఆ మిగిలేది ఆవిడే. అప్పుడు ఆవిడకు సూర్యలంక ఇసుక అక్కరలేదు. ఆటో పిలవకుండా కూరగాయలు తెచ్చుకునే దూరం, ప్రతి సాయంత్రం వెళ్లే గుడి, బ్యాంకులో కాగితం నింపిపెట్టే తెలిసిన మనిషి, రెండు రోజులు తలుపు తీయకపోతే తట్టే పక్కింటావిడ కావాలి. బందరు పాత వీధుల్లో ఇవి ఇంకా ఉన్నాయి. బాపట్లలో ఇవి దొరికిన ఇల్లు ఎవరికైనా కనిపిస్తే, ఆ ఇంటి వరకు నా ఎంపిక మార్చుకుంటాను.